కుండ మీద మూయని గీత

సాయంత్రం తాలింపులో ఆవాలు చిటపటలాడుతుండగా ముందుగదిలో పిల్లలిద్దరి గొంతులూ ఒక్కసారే ఆగిపోయాయి. వాళ్ళు అరుచుకుంటున్నంతసేపూ నాకు భయం ఉండదు. చప్పుడు ఆగితేనే ఒళ్ళు చల్లబడుతుంది. స్టవ్ ఆపేసి పరిగెత్తాను.

కుర్చీ అలమర దగ్గరికి జరిగి ఉంది. పైఅరలో ఉండాల్సిన చిన్న కుండ నేలమీద, మా బాబు మోకాళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది. పాప వాడికి ఎదురుగా గొంతుక్కూర్చుని, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, నల్ల స్కెచ్ పెన్నుతో కుండ మెడ మీద ఏదో దిద్దుతోంది. ఏం దిద్దుతోందో చూడకముందే నాకు తెలిసిపోయింది.

ఆ కుండ మెడ చుట్టూ సన్నని నల్లగీత ఒకటి ఉంటుంది. చుట్టూ తిరిగొచ్చి, మొదలైన చోటుకి వేలెడు దూరంలో ఆగిపోతుంది. ఆ వేలెడు ఖాళీని పాప పూడ్చేసింది.

నేను అరిచిన అరుపుకి పక్క ఫ్లాటు తలుపు తెరుచుకుంది. పాప చేతి మీద ఒక్కటి వేశాను. అది ఏడవడం కూడా మరిచిపోయి నా మొహంలోకి చూసింది. బాబే అడిగాడు.

"అది సగంలో ఆగిపోయిందమ్మా. చెల్లి పూర్తి చేసింది. అంతేగా?"

సబ్బుతో రుద్దాను, నిమ్మచెక్కతో రుద్దాను. నున్నగా ఉన్నా గాజుపూత లేని మట్టి అది, సిరాని తాగేసింది. వాళ్ళ నాన్నకి ఈ వారం జెబెల్ అలీ రేవులో రాత్రి షిఫ్టు. ఇంట్లో ఉంటే నవ్వేవారు. "బీఎస్సీ చదివినదానివి, గీతకి భయపడతావేంటి?" అనేవారు. పడుకోబెడుతుంటే బాబు మళ్ళీ అడిగాడు, ఆ గీత మూస్తే ఏమవుతుందని. పొద్దున్న చెప్తా పడుకో అన్నాను.

పొద్దున్న ఏం చెప్పాలో తెలియకే ఈ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. తలుపు గడియ చూసొచ్చాను. గ్యాసు సిలిండరు చూసొచ్చాను. ఇద్దరి ముక్కుల దగ్గరా వేలు పెట్టి ఊపిరి చూసొచ్చాను. కుండ నా ఎదురుగా టేబుల్ మీద ఉంది.

నేనూ చిన్నప్పుడు కొన్నేళ్ళు ఈ దేశంలోనే పెరిగాను. ఇప్పుడు మేముండే అజ్మాన్‌లో ఈ మేడలేవీ అప్పుడు లేవు. మేము ఉన్నది అబుధాబి దాటాక, సముద్రం పక్కన, చమురు బావులు తవ్వే కంపెనీ క్వార్టర్లలో. చుట్టూ ఇనపకంచె, కంచె అవతల ఇసుక. గాలి ఇటు తిరిగితే ఉప్పు వాసన, అటు తిరిగితే డీజిల్ వాసన. నాన్న ఆ కంపెనీలో జీపు డ్రైవరు. అమ్మ ఒక ఇంజనీరు గారింట్లో వంటా ఇంటిపనీ చేసేది. ఆ ఇంటి వెనక, నీళ్ళ ట్యాంకు పక్కనున్న ఒంటిగదిలో మేం నలుగురం ఉండేవాళ్ళం. నాన్న, అమ్మ, నేను, అప్పుడప్పుడే పాకడం నేర్చిన తమ్ముడు.

మాది గోదావరి పక్క. నాకూ తమ్ముడికీ మధ్య ఒక ఆడపిల్ల పుట్టి, మాటలు రాకముందే పోయింది. ఏ జబ్బో ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత అమ్మ దేన్నీ నమ్మడం మానేసింది. డబ్బాపాలు కలిపాక వాసన చూసేది. ఎవరైనా తమ్ముణ్ణి ఎత్తుకుంటే వాళ్ళ చేతులకేసి చూసేది. "ముద్దొస్తున్నాడు" అన్నవాళ్ళు గుమ్మం దాటగానే ఉప్పు తీసి దిష్టి తిప్పేది. వాడి బుగ్గ మీద కాటుక చుక్క ఎండకి కరిగి, పొద్దుగూకే వేళకి చెంపంతా నల్లగా అయ్యేది.

ఇంజనీరు గారు తెల్లాయన. ఆయన భార్య తెల్లావిడ కాదు. అమ్మ అనుమానం అక్కడే మొదలైంది.

ఆవిడ మా రంగులోనే ఉండేది. ఒత్తైన నల్లజుట్టు, నుదుటి మీద తిన్నగా కత్తిరించుకునేది. దవడలు వెడల్పు, నవ్వు తక్కువ. నేను కంపెనీ బస్సులో స్కూలుకి వెళ్ళి నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుంటున్నాను కాబట్టి అమ్మకీ ఆవిడకీ మధ్య దుబాసీని నేనే. అమ్మ అడగమంటే అడిగాను, మీదే ఊరని. ఆవిడ "ఇండియన్" అంది, అమెరికా ఇండియన్ అని.

"ఇండియనా? ఏ జిల్లా?" అంది అమ్మ.

అమెరికాలోనే, ఎత్తైన బల్లపరుపు కొండ మీద మట్టిఇళ్ళ ఊరట, మేడ మీదికి నిచ్చెనేసుకుని ఎక్కుతారట అని చెప్పాను. వాళ్ళని ప్యూబ్లో జనం అంటారని, వాళ్ళ ఆడవాళ్ళు చేసే కుండలకి పేరుందని నేను చాలా ఏళ్ళ తర్వాత కాలేజీ లైబ్రరీలో చదివాను. ఆరోజుకి మాత్రం అమ్మ పెదవి విరిచింది. "అమెరికాలో మట్టిఇల్లేంటి? ఎక్కడో తేడా ఉందే. నువ్వు ఆవిడ దగ్గర ఏం తినకు."

కొన్నాళ్ళకి నాన్న వాళ్ళని జీపులో కొండలవైపు తీసుకెళ్ళాడు. తిరిగొచ్చేసరికి వెనక సీటునిండా గోనెసంచులు. గోనెల్లో మట్టి. నాన్న అన్నానికి కూర్చున్నాక చెప్పాడు.

"తవ్వేముందు జేబులోంచి పిండి తీసి నేలమీద పెట్టింది. ఏదో అనుకుంది పైకి వినపడకుండా. దొర టోపీ తీసి పక్కన నిలబడ్డాడు."

"ఏం పిండి?"

"మొక్కజొన్న పిండిలాగుంది."

"ఎవరికి పెట్టింది?"

"ఎవరికేంటి, మట్టికే. తర్వాత చిటికెడు మట్టి నోట్లో వేసుకుని చూసింది. ఇది కాదంది. ఇంకో చోట మళ్ళీ నోట్లో వేసుకుంది. అది బాగుందంది."

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆవిడ పేరు మట్టి మేడం.

నాకు మాత్రం ఆ పెరడు వదలబుద్ధయ్యేది కాదు. మేడం మట్టిని రేకుల మీద ఎండబెట్టేది, కొట్టేది, బకెట్లో నానబెట్టేది. బకెట్లో నీళ్ళు పోయగానే లేచే వాసన ఆ ఉప్పుగాలిలో ఇంకెక్కడా దొరికేది కాదు. దొంగతనంగా నేనూ ఒక చిటికెడు నోట్లో వేసుకున్నాను. ముందు చల్లగా, తర్వాత కొంచెం తియ్యగా, ఆ తర్వాత పళ్ళ మధ్య కరకరా. ఎవరికీ చెప్పలేదు.

ఆవిడకి సారె లేదు. కుమ్మరి చక్రం లేకుండా కుండ ఎలా అవుతుందని అమ్మ కిటికీలోంచి ఓ కన్నేసి ఉంచేది. మేడం ముద్దని అరచేతుల మధ్య పాములా పొడుగ్గా చేసి, పెంకుగిన్నె అడుగున చుట్టచుట్టి, దాని మీద ఇంకో వరస, దాని మీద ఇంకోటి పేర్చేది. అచ్చం అమ్మ చేగోడీలకి పిండి చుట్టినట్టే. ఆ మాట అమ్మతో అంటే నెత్తి మీద మొట్టింది. "చేగోడీలు తింటాం. అది ఏం చేయడానికో ఎవరికి తెలుసు?" తర్వాత ఆవిడ ఎండిన సొరకాయ పెంకు ముక్కతో గోడ గీకి పల్చన చేసేది. తెల్లమట్టి పూసి, నున్నటి గులకరాయితో గంటల తరబడి రుద్దేది. ఆ రాయి వాళ్ళ అమ్మమ్మదట. ఒకసారి నాకు చేతికిచ్చింది. లోపల్నుంచి వెచ్చగా ఉన్నట్టనిపించింది. అమ్మ చూసి, నా చేతులు సబ్బుతో కడిగింది.

నాన్న స్నేహితుడు ఒకాయన కరీంనగర్ దగ్గరి పల్లెవాడు. రోడ్లు వేసే క్యాంపులో కూలీ. సెలవురోజు శుక్రవారం, ఖుబ్బూస్ రొట్టెల కట్ట చంకలో పెట్టుకుని అమ్మ చేసే చేపల పులుసు కోసం వచ్చేవాడు. నాకు మావయ్య. ఆరోజు రొట్టె పులుసులో ముంచుతూ గొంతు తగ్గించాడు.

"అక్కా, మీ మేడం ఏం జేస్తదో ఎర్కేనా నీకు?"

"ఏం చేస్తుంది?"

"సముద్రం దిక్కు పాత గోడలు కూలి ఉన్నయ్ గద. గా పక్కకు సమాధులు. మన బొందలగడ్డ తీరు. ఆడ వంగి వంగి ఏరుతది. లారీలకెల్లి సూసిన నేను."

"ఏం ఏరుతుంది?"

"కుండ పెంకులు."

మా ఊళ్ళో శవం చుట్టూ నీళ్ళకుండతో తిరిగి, వెనక్కి చూడకుండా పడేసి పగలగొడతారు. ఆ పెంకుల్ని ఎవరూ ముట్టరు. ఇంట్లో మామూలు కుండ పగిలినా ముక్కలు ఊరవతల పడేస్తారు తప్ప గుమ్మంలోకి తేరు. అలాంటిది ఏరి తెచ్చుకోవడం!

"పెంకులతోని ఇంకేం జేస్తదక్కా, నువ్వే చెప్పు. నేనైతే ఆ ఇంట్ల నీళ్ళు గూడ తాగ," అన్నాడు మావయ్య.

నాన్న నవ్వాడు. "తాగకపోతే పోనీ. నువ్వు తింటున్న పులుసు ఆ ఇంటి నీళ్ళతోటే కాసింది."

మావయ్య చెయ్యి నోటి దగ్గర ఆగింది. "పులుసుల మసిలినంక పర్వాలేదు తియ్," అని రొట్టె నోట్లో పెట్టుకున్నాడు.

మర్నాడు పెరట్లో దంచుతున్న చప్పుడు వినిపించింది. మేడం రాతి మీద పెంకుల్ని పొడి కొడుతోంది. వాటిని కొత్త మట్టిలో కలపడానికట. అది కలిస్తేనే కాల్చినప్పుడు కుండ పగలదట. పాత కుండలు కొత్త కుండల్ని పట్టుకుంటాయి అంది నాతో. నేను అమ్మకి చెప్పాను. అమ్మకి "పాతవి పట్టుకుంటాయి" అన్న మాట ఒక్కటే చెవికెక్కింది. అంతలో మేడం వచ్చి, పొడి జల్లించుకోవడానికి మా పిండి జల్లెడ అడిగి పట్టుకెళ్ళింది. పనిచేసే ఇల్లు, కాదనలేం కదా. సాయంత్రం ఆవిడ శుభ్రంగా కడిగి తిరిగిచ్చిన జల్లెడని అమ్మ కంచె అవతలికి గిరాటేసింది. ఆ తర్వాత చాలాకాలం మేము పురుగులు చేత్తో ఏరుకున్న పిండే తిన్నాం.

కాల్చే రోజు కోసం పిడకలు కావలసి వచ్చాయి. నాన్న ఎవరివో ఆవుల దొడ్లోంచి పేడ తెచ్చాడు. మేడం దాన్ని ఎలా ఆరబెట్టాలా అని చూస్తుంటే అమ్మ ఉండబట్టలేక కొంగు దోపి, చుట్టూ వేళ్ళగుర్తులు పడేలా కంపెనీ గోడ నిండా కొట్టింది. "దుబాయ్ వచ్చినా పిడకలు కొట్టే రాత తప్పలేదు," అని గొణిగింది. గోడ చూసి కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, నాన్న మీద అరిచాడు. మేడం వెళ్ళి ఏం చెప్పిందో గాని, పిడకలు ఎండేదాకా గోడ జోలికి ఎవరూ రాలేదు.

గాలి లేని ఒక తెల్లవారుజామున ఆవిడ కుండల్ని పెంకుల మీద బోర్లించి, చుట్టూ పిడకలు గూడులా పేర్చి అంటించింది. పొగ లేచింది. మా ఊరి వాకిళ్ళ వాసన అది. నాకు ఏడుపొచ్చింది. గేటు దగ్గరి కాపలావాడు "ఖలాస్! ఖలాస్!" అంటూ, ఇక ఆపమని అరుస్తూ నీళ్ళ బకెట్‌తో పరిగెత్తుకొచ్చాడు. అతను మంట మీదికి బకెట్ ఎత్తేసరికి అమ్మ అడ్డంపడి లాక్కుంది. "కాలుతున్న కుండ మీద నీళ్ళు పోస్తే పగిలి చస్తుందిరా సన్నాసీ!" అంది తెలుగులోనే. అతనికి అర్థమైంది. మేడం అమ్మకేసి చూసింది. అమ్మ చూపు తిప్పుకుని బకెట్ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ మంటలోంచి బయటికొచ్చిందే ఇప్పుడు నా ముందున్న ఈ కుండ. దోసెడంత ఉంటుంది. తెల్లటి ఒళ్ళు మీద నల్లటి మెట్లు, వాన చారలు. కాల్చకముందే ఆవిడ వాటిని గీయడం నేను పక్కనే కూర్చుని చూశాను. నల్లరాయిని గంధంలా అరగదీసి, వాళ్ళ ఊరి నుంచి తెచ్చుకున్న ఆకు ఉడికించిన ముద్దలో కలిపి, నమిలి కుంచెలా చేసిన నార ముక్కతో గీసింది. ఆ ముద్ద బెల్లం అచ్చులా గడ్డకట్టి ఉండేది. అమ్మ దాన్ని చూసిన రోజే "అది మందు" అని తేల్చేసింది. మందంటే రోగానికి వేసేది కాదు, ఒకరిని పాడు చేయడానికి పెట్టేది.

కుండ చల్లారాక మేడం మా గది గుమ్మానికొచ్చి, అమ్మ ఒళ్ళో ఉన్న తమ్ముడి ముందు పెట్టింది. "ఇది బాబుకి," అంది.

అమ్మ రెండు చేతులతో తీసుకుంది. తీసుకోకపోతే పని పోతుంది. ఆవిడ వెళ్ళగానే కింద పెట్టి, చుట్టూ తిప్పి చూసి, మెడ దగ్గర ఆగింది.

"ఇదేంటే? గీత మూయలేదు."

"మర్చిపోయిందేమో."

"ఇంత సన్నగా గీసినావిడ ఇక్కడే మర్చిపోయిందా?" అమ్మ వేలు ఆ ఖాళీ మీద ఉంది. "ముగ్గేస్తే గీత ఎక్కడా తెరిచి ఉంచకూడదని నీకు నేర్పలేదూ? తెరిచి ఉంటే ఏదో ఒకటి లోపలికొస్తుంది. సమాధుల మీది పెంకులు పోసి చేసి, ఇంత సందు వదిలి, నా పిల్లోడి పేరు పెట్టి ఇచ్చింది."

ఆ వారంలోనే తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఆసుపత్రిలో సీసాడు మందిచ్చారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలయ్యేవి. వాడి మెడ సన్నబడింది. ఏడుపు కూడా పిల్లి కూనలా అయింది. పోయిన చెల్లి కూడా ఇలాగే సన్నబడిందని అమ్మ నాన్నతో అనడం విన్నాను. ఆ సాయంత్రం వాడి కాటుక భరిణె తీసి, వేలితో ఆ సందు మూసేసింది.

మర్నాడు గది ఊడుస్తున్నప్పుడు కుండని గుమ్మంలో పెట్టింది. కాసేపటికి చూస్తే గీత తెరిచి ఉంది. తడిగుడ్డతో తుడిచిన మరక కనిపిస్తోంది. అమ్మ మళ్ళీ మూసింది. ఈసారి మేడం ఏదో రాయితో గీకేసింది. తెల్లపూత లేచిపోయి కింద బూడిదరంగు మట్టి బయటపడింది. అమ్మ వంట చేసి పెడుతూనే ఉంది. మేడం తినడం తగ్గించింది. ప్లేటు ముందు పెట్టుకుని అన్నాన్ని ఫోర్కుతో ఇటూ అటూ కదిపి చూసేది. నాకప్పుడు తెలిసింది, అనుమానం మా గదిలోనే లేదు, ఆ ఇంట్లోనూ ఉందని.

మేడమే ముందు బయటపడింది. నన్ను పెరట్లోకి పిలిచి, మీ అమ్మ నాకెందుకు చెడు చేస్తోంది అని అడిగింది. "మా అమ్మ ఆ గీత వదిలేసేది. వాళ్ళమ్మ కూడా. గీసిన మనిషి బతుకు ఇంకా అయిపోలేదు కదా. గీత మూస్తే ఆ బతుకుని మూసినట్టే."

నేను పరిగెత్తి అమ్మకి చెప్పాను. గీత మూస్తే గీసినావిడ ప్రాణానికి మంచిది కాదట.

అమ్మ తమ్ముణ్ణి భుజం మీద వేసుకుని ఉంది. వాడి చెయ్యి కిందికి వేలాడుతోంది. "తెరిచి ఉంచితే నా పిల్లోడి ప్రాణానికి మంచిది కాదు. వెళ్ళి అడుగు ఆవిణ్ణి, ఎవరి ప్రాణం కావాలో."

నేను వెళ్ళలేదు. గదికీ పెరటికీ మధ్య, నీళ్ళ ట్యాంకు కింద కూర్చుండిపోయాను. ఆ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు తెలుసు. అందుకే వెళ్ళలేదు.

అనుకోకుండా మేడమే వచ్చింది. ఆవిడ చేతిలో పాములా చేసి రేకు మీద ఆరబెట్టిన మట్టి ముక్క ఒకటి ఉంది. తిన్నగా అమ్మ ముందుకెళ్ళి చూపించింది. దాని అంచు కొరికి ఉంది. పైన చిన్న గంట్లు, కింద చిన్న గంట్లు.

అమ్మకి ముందు అర్థం కాలేదు. ఇంకో ప్రయోగమేదో అనుకుని వెనక్కి జరిగింది. మేడం తన నోరు తెరిచి పళ్ళు చూపించి, తమ్ముడి నోరు చూపించింది. అమ్మ వాడి దవడ నొక్కి వేలు లోపల పెట్టింది. చిగుళ్ళ వెనక నుంచి బూడిదరంగు ముద్ద వచ్చింది.

వాడు మట్టి తింటున్నాడు. అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు, నేను స్కూల్లో ఉన్నప్పుడు, పాక్కుంటూ రేకుల దగ్గరికి వెళ్ళి చేగోడీలు కొరికినట్టు కొరుకుతున్నాడు. కుండ మీది సందుకి కాపలా కాస్తూ అమ్మ నేలమీది పిల్లాణ్ణి చూడలేదు.

అమ్మ నెత్తి కొట్టుకుంది. కానీ మేడం కాళ్ళ మీద పడలేదు, క్షమించమనీ అనలేదు. "అంత మట్టి పిల్లాడికి అందేలా ఎందుకు పెట్టుకుంటారు?" అని నాతో అడిగించింది. మేడం ఆ రేకులన్నీ ఆ పూటే మేడ మీదికి ఎక్కించింది. డాక్టరుకి మట్టి సంగతి చెప్తే నులిపురుగుల మందిచ్చాడు. తమ్ముడు మెల్లిగా కోలుకున్నాడు.

కుండ మాత్రం గుమ్మంలోనే ఉంది, ఇంట్లోకి రాలేక, బయటికి పోలేక. ఒకరోజు పొద్దున్న అమ్మ బియ్యప్పిండి తీసుకుని, సిమెంటు గచ్చు మీద ఆ కుండ చుట్టూ ముగ్గు మొదలుపెట్టింది. చుక్కలు పెట్టి, చుక్కల చుట్టూ గీత తిప్పుతూ ఎక్కడా చెయ్యి ఎత్తకుండా తీసుకొచ్చి మొదట్లో కలిపింది. కుండ మీది గీత తెరిచే ఉంది. దాన్ని ముట్టలేదు.

మేడం మెట్ల మీద నుంచి చూస్తోంది. నేలమీద రాలుతున్న తెల్లపిండినే చూస్తోంది. లోపలికెళ్ళి గుప్పెట మూసుకుని వచ్చి, ముగ్గు అంచున కూర్చుని గుప్పెట విప్పింది. మొక్కజొన్న పిండి. వేయనా అన్నట్టు అమ్మకేసి చూసింది.

అమ్మ ఆ పిండిని ముందు చిటికెడు తీసుకుని వాసన చూసింది. తర్వాతే తలూపింది.

ఆ తర్వాత వాళ్ళు స్నేహితులైపోయారని రాస్తే అబద్ధమవుతుంది. అమ్మ ఆవిడ చేతి వంట ఏనాడూ తినలేదు. మేడం తన నల్లముద్దని తాళం వేసిన పెట్టెలోనే దాచుకునేది. కానీ పిడకలు కావలసినప్పుడల్లా అమ్మ అడక్కుండానే కొంగు దోపేది.

వేసవి వచ్చాక మేడంకి దగ్గు పట్టుకుంది. చిక్కిపోయింది. ఒక ఉదయం నాన్న ఆవిణ్ణి విమానాశ్రయంలో దింపి వచ్చాడు. ఇంజనీరు గారు కూడా వెళ్ళి, కొన్ని వారాలకి ఒక్కరే తిరిగొచ్చారు. ఆవిడ ఎలా ఉందని నాన్న అడిగితే, "ఇంటి దగ్గర ఉంది," అన్నారట.

"ఇంటి దగ్గరుంటే ఆయన మొహం అలా ఎందుకుంది?" అంది అమ్మ.

ఆయన అంతకంటే ఏమీ చెప్పలేదు. కొన్నాళ్ళకి బదిలీ అయి వెళ్ళిపోయారు. మేమూ మా ఊరికి వెళ్ళిపోయాం. ఇసుక మీద కట్టిన ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవు. కంచె ఎక్కడ ఉండేదో కూడా ఇప్పుడు ఎవరూ చూపించలేరు. తమ్ముడు కాలేజీలో వాలీబాల్ ఆడుతున్నాడు, గుమ్మంలో తల వంచి రావాల్సినంత పొడుగు. కుండ మాత్రం అమ్మ అటక మీద పడేయకుండా కళ్ళెదురుగానే ఉంచుకుంది. నాకు పెళ్ళయి ఇక్కడికి వస్తుంటే పాతచీరలో చుట్టి పెట్టెలో పెట్టింది. "గీత చూసుకో," అంది. అంతే.

ఇంటి నుంచి ఎవరొచ్చినా అమ్మ గొంతు రికార్డు చేసిన క్యాసెట్ ఒకటి పట్టుకొస్తారు. పచ్చళ్ళ సంగతులు, తమ్ముడి సంగతులు, పిల్లలకి నూనె రాయమనడం. చివర్లో ప్రతిసారీ గొంతు తగ్గించి అదే మాట. "మట్టి మేడం జాడేమైనా తెలిసిందా? అక్కడికి అమెరికా వాళ్ళు వస్తూనే ఉంటారుగా, అడుగు. ఆ కాటుకతో నేను పూర్తిగా మూయలేదనుకుంటా. సన్నగా సందు ఉండే ఉంటుంది. నీకు గుర్తుందా?"

నాకు గుర్తుంది. పూర్తిగానే మూసింది. ఇప్పటిదాకా అమ్మకి ఆ మాట చెప్పలేదు.

చదువుకున్నదాన్ని కాబట్టి, మట్టిలో పురుగు గుడ్లుంటాయని తెలుసు, దగ్గుకి కారణం కాటుక కాదని తెలుసు. అయినా సాయంత్రం ఆ పెన్ను చూడగానే అంత అరుపు ఎందుకు అరిచానో దేనితో తూచి చెప్పాలి? ఆవిడ ఉందో లేదో తెలియనంతకాలం ఉన్నట్టే లెక్క అని అమ్మా నేనూ అనుకుంటూ వచ్చాం. నా కూతురు వచ్చి ఆ లెక్క తేల్చేయబోయింది.

పాత బ్లేడు ఒకటి తీసుకున్నాను. మేడం గీకిన చోటే, ఆ బూడిదరంగు మచ్చ మీదే సిరా ఇంకింది. మెల్లిగా గీకుతుంటే పొడి రాలింది. ఆ పొడిలో ఎప్పటివో సమాధుల పక్కన ఏరిన పెంకులు కూడా ఉంటాయి. ఇది రాసే ముందు కాదు, రాస్తూ రాస్తూ మధ్యలో లేచి గీకాను. వేలెడు కాదు గాని, వడ్లగింజంత సందు మళ్ళీ కనపడుతోంది.

తెల్లారింది. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

పిల్లలు లేచేసరికి నేలమీది గచ్చు పలకల మీద కుండ పెట్టి, బియ్యప్పిండి గిన్నె పక్కన పెట్టుకుని కూర్చున్నాను. పాప నిన్నటి దెబ్బ గుర్తుకొచ్చి తలుపు దగ్గరే ఆగిపోయింది. రా అని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, దాని వేళ్ళు పట్టుకుని కుండ చుట్టూ గీత తిప్పించాను. చివర కలిపేచోట అది చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఇది మూయొచ్చా?"

"ఇది మనది. మూసెయ్."

మూసింది. బాబు మాత్రం వదల్లేదు. కుండ పట్టుకుని, నేను రాత్రి గీకిన చోట వేలు పెట్టాడు.

"మరి ఇది ఎందుకు మూయకూడదు?"

"గీసినావిడ ఇంకా ఎక్కడో నడుస్తోందిరా. ఆవిడ ఆగేదాకా గీత మూయకూడదు."

"ఆవిడ ఆగిపోతే మనకెలా తెలుస్తుంది?"

"తెలియదు," అన్నాను. "అందుకే మనం ఎప్పటికీ మూయం."